ఇల్లు అక్కడ, పని ఇక్కడ: జకార్తా ట్రాఫిక్ వెనక ఉన్న కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక వింత పేరుతో మొదలుపెడదాం. జాబోడెటాబెక్. ఒకసారి పైకి పలికి చూడండి. ఏదో మందుబిళ్ళ పేరులా లేదూ? కానీ ఇది ఊరి పేరు. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే ఐదు ఊళ్ళ పేర్ల మొదటి ముక్కలు కలిపి కుట్టిన పేరు: జకార్తా, బోగోర్, డెపోక్, టాంగెరాంగ్, బెకాసి.

ఈ పేరు ఎందుకు పుట్టిందంటే, ఈ ఐదు ఊళ్ళ మధ్య ఇప్పుడు ఖాళీ లేదు. ఒకప్పుడు మధ్యలో పొలాలు, రబ్బరు తోటలు ఉండేవి. ఇప్పుడు కారులో వెళ్తుంటే ఎక్కడ జకార్తా అయిపోయిందో, ఎక్కడ బెకాసి మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలీదు. 2020 జనాభా లెక్కల ప్రకారం జకార్తా నగర హద్దుల్లో ఉన్నది కోటి మందికి కాస్త ఎక్కువ. కానీ ఈ ఐదూ కలిపితే 3 కోట్లు దాటేస్తారు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు జకార్తా బయటే ఉంటున్నారు. మరి పని? పని మాత్రం చాలామందికి జకార్తా లోపలే. రోజూ 10 లక్షల మందికి పైగా పక్క ఊళ్ళ నుంచి జకార్తాకి వచ్చి, సాయంత్రం తిరిగి వెళ్తారు.

జకార్తా అయినా, బ్యాంకాక్ అయినా, మనీలా అయినా ట్రాఫిక్ అనగానే మనకు గుర్తొచ్చేది ఇరుకు రోడ్లు, హారన్లు, రూల్స్ పాటించని జనం. ఇవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ జామ్ అనేది రోడ్డు మీద కనిపించే జ్వరం లాంటిది. రోగం వేరే చోట ఉంది. ఇళ్ళు ఎక్కడ కట్టారు, ఉద్యోగాలు ఎక్కడ పెట్టారు, ఆ రెండిటి మధ్య ఏం వేశారు? ఈ మూడు ప్రశ్నలతో చూస్తే కథ మొత్తం అర్థమవుతుంది.

ఊరు ఎలా పరుచుకుంది?

1978కి వెళ్దాం. ఇండోనేషియాలో మొట్టమొదటి టోల్ రోడ్డు ఆ ఏడాది ఓపెన్ అయ్యింది. పేరు జగోరావి. జకార్తా నుంచి దక్షిణంగా బోగోర్ వైపు వెళ్తుంది. తర్వాత 1984లో పడమర వైపు టాంగెరాంగ్‌కి ఇంకొకటి. 1988లో తూర్పు వైపు బెకాసి మీదుగా చికాంపెక్‌కి మరొకటి. మూడు దిక్కులా మూడు టోల్ రోడ్లు. నాలుగో దిక్కు ఉత్తరం, అక్కడ సముద్రం.

ఇప్పుడు మీరే ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ ఓనర్ అనుకోండి. జకార్తా నడిబొడ్డున భూమి ధర ఆకాశంలో ఉంది. 30 కిలోమీటర్ల అవతల పొలం చవగ్గా దొరుకుతోంది. ఇప్పటిదాకా అక్కడికి పోవడానికి దారి సరిగ్గా లేదు, అందుకే చవక. టోల్ రోడ్డు పడగానే అదే పొలం “జకార్తాకి అరగంట” అయిపోయింది. ఏం చేస్తారు? ఎకరాలకెకరాలు కొంటారు. 1980ల్లో, 90ల్లో సరిగ్గా అదే జరిగింది. ప్రభుత్వం కూడా పెద్ద పెద్ద కంపెనీలకు వేల హెక్టార్ల మీద పర్మిషన్లు ఇచ్చింది.

వాటిలో బాగా ఫేమస్ అయినది సెర్పాంగ్‌లోని బీఎస్‌డీ సిటీ. ప్లాన్ ప్రకారం దాదాపు 6 వేల హెక్టార్లు, అంటే సుమారు 15 వేల ఎకరాలు. లోపల ఇళ్ళు, స్కూళ్ళు, మాల్స్, హాస్పిటళ్ళు అన్నీ ఉంటాయి. దాన్ని చూసి ఇలాంటివే ఇంకా చాలా వచ్చాయి. లోపలికి వెళ్తే నీట్‌గా ఉంటుంది, చెట్లు, ఫుట్‌పాత్‌లు, సెక్యూరిటీ. ఎవరికి మాత్రం నచ్చదు?

కానీ అన్నీ వచ్చిన చోట, సరిపడా ఉద్యోగాలు మాత్రం రాలేదు. బ్యాంకులు, పెద్ద కంపెనీల హెడ్డాఫీసులు, మినిస్ట్రీలు జకార్తా నడిమధ్యే ఉండిపోయాయి. సుదీర్మాన్, తమ్రిన్, కునింగాన్ రోడ్ల చుట్టూ ఉన్న ఆ ఏరియాని అక్కడివాళ్ళు గోల్డెన్ ట్రయాంగిల్ అంటారు. ఫ్యాక్టరీలు మాత్రం బయటికి వెళ్ళాయి, అవి తూర్పున చికారాంగ్ వైపు. దీంతో ఇంకో తమాషా. పడమర టౌన్‌షిప్‌లో ఇల్లు కొన్నాయనకి తూర్పు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఊరంతా అడ్డంగా దాటాలి.

ఒకే గేటు, ఒకే రోడ్డు

ఈ టౌన్‌షిప్‌ల డిజైన్‌లో ఒక చిన్న విషయం ఉంది. బయటి నుంచి చూస్తే పెద్దగా అనిపించదు, కానీ ట్రాఫిక్‌ని నేరుగా దెబ్బకొడుతుంది. అదే గేటు. లోపలి ఇళ్ళను చిన్న చిన్న కాలనీలుగా విడగొట్టి, ఒక్కో దానికి చుట్టూ గోడ కట్టి, ఒకే గేటు పెడతారు. సెక్యూరిటీకి మంచిదే. కానీ పక్క కాలనీలో ఉన్న ఫ్రెండ్ ఇల్లు గోడకి అవతల 50 మీటర్ల దూరంలో ఉన్నా సరే, మీరు గేటు దాటి, మెయిన్ రోడ్డెక్కి, చుట్టూ తిరిగి వెళ్ళాలి. నడిచే దూరం బండి దూరం అయిపోతుంది. ప్రతి చిన్న పనీ మెయిన్ రోడ్డు మీదికే వస్తుంది.

మనీలాలోనూ ఇదే కథ. అక్కడ ఎడ్సా అని దాదాపు 24 కిలోమీటర్ల పెద్ద రోడ్డుంది. పొద్దున, సాయంత్రం దాని మీద వాహనాలు పాకుతుంటాయి. ఆ రోడ్డు పక్కనే ఫోర్బ్స్ పార్క్, దస్మరిన్యాస్ విలేజ్ లాంటి ధనవంతుల కాలనీలు ఉన్నాయి. వాటి లోపల వెడల్పైన వీధులు ఖాళీగా ఉంటాయి. కానీ గేట్లు ఉన్నాయి, అందరినీ పోనివ్వరు. కాబట్టి మిగతా ఊరంతా ఎడ్సా మీదే పడాలి.

బ్యాంకాక్‌లో గేటు బదులు సందు. బ్యాంకాక్ ట్రిప్ వెళ్ళొచ్చినవాళ్ళకి “సోయ్” అనే మాట గుర్తుండే ఉంటుంది. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందుని సోయ్ అంటారు. ఒకప్పటి వరి పొలాలు ముక్కలుముక్కలుగా అమ్ముడుపోయినప్పుడు, ఎవరి స్థలంలోకి వాళ్ళు దారి వేసుకున్నారు. ఆ దారులే సోయ్‌లు. చాలా సోయ్‌లు లోపలికి పోయి ఆగిపోతాయి, ఇంకో రోడ్డుకి కలవవు. చెట్టు కొమ్మల్లా అన్నమాట. కొమ్మ నుంచి కొమ్మకి దారి లేదు, ప్రతిసారీ కాండం దాకా రావాల్సిందే. ఆరెంజ్ జాకెట్లేసుకున్న బైక్ ట్యాక్సీలు అక్కడ అంత ఎక్కువగా ఎందుకున్నాయంటే కారణం ఇదే. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేస్తుంది, అక్కడి నుంచి కిలోమీటరు లోపలికి ఎవరు తీసుకెళ్తారు?

రోడ్డు పెంచితే సరిపోదా?

ఇక్కడ మీకొక డౌట్ రావాలి. రోడ్లు చాలకపోతే ఇంకొన్ని వేస్తే పోతుంది కదా అని. జకార్తా అదీ చేసింది. ఇందాక 1988 నాటి చికాంపెక్ టోల్ రోడ్డు గురించి చెప్పాను. అది నిండిపోయింది. వెడల్పు చేశారు, మళ్ళీ నిండింది. చివరికి 2019 డిసెంబర్‌లో అదే రోడ్డు మీద, పిల్లర్లు వేసి, 30 కిలోమీటర్లకు పైగా ఇంకో టోల్ రోడ్డు కట్టారు. రోడ్డు మీద రోడ్డు!

ఎందుకిలా జరుగుతుంది? రోడ్డు ఖాళీ అయిందని తెలియగానే మూడు రకాల జనం వస్తారు. ఒకరు, ఇంతకాలం బస్సులో పోయి ఇప్పుడు కారు తీసినవాళ్ళు. రెండు, ట్రాఫిక్‌కి భయపడి పొద్దున్నే 5 గంటలకు బయల్దేరేవాళ్ళు, ఇప్పుడు 7కి బయల్దేరుతారు. మూడోవాళ్ళు అందరికంటే ముఖ్యం: “రోడ్డు బాగుంది కదా” అని ఇంకో 10 కిలోమీటర్ల అవతల ఇల్లు కొన్నవాళ్ళు. మొదటి రెండు రకాలూ వెంటనే కనిపిస్తాయి. మూడోది కొన్నేళ్ళకి కనిపిస్తుంది, కానీ ఆ ఇల్లు ఇక కదలదు. రోడ్డు వేసినందుకు ఊరు ఇంకా దూరం జరుగుతుంది.

అమెరికా నగరాల లెక్కలతో 2011లో డ్యూరాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఎకనామిస్టులు ఒక పేపర్ రాశారు. హైవేలు ఎంత శాతం పెరిగితే, వాటి మీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని తేల్చారు.

ఇంకో పక్క బండి కొనడం చాలా తేలికైపోయింది. కొంచెం డౌన్‌పేమెంట్, నెలనెలా ఈఎంఐ, బైక్ ఇంటికొచ్చేస్తుంది. ఇండోనేషియాలో రిజిస్టరైన బైకులు 12 కోట్లకు పైమాటే. బస్టాప్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉండి, బస్సు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు బైక్ కొనుక్కున్నవాడిని ఏమంటాం? థాయ్‌లాండ్‌లో అయితే ప్రభుత్వమే ముందుకు తోసింది. 2011 సెప్టెంబర్ నుంచి 2012 చివరిదాకా, మొదటి కారు కొనేవాళ్ళకి లక్ష బాత్‌ల వరకు పన్ను వెనక్కి ఇచ్చే స్కీమ్ పెట్టారు. 12 లక్షల మందికి పైగా అప్లై చేశారు. ఆ కార్లన్నీ ఏ రోడ్ల మీదికొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

కారులో అద్దె మనుషులు

జకార్తాలో 1992లో ఒక రూల్ పెట్టారు, త్రీ ఇన్ వన్ అని. రద్దీ టైమ్‌లో సుదీర్మాన్, తమ్రిన్ లాంటి మెయిన్ రోడ్ల మీద కారు పోవాలంటే అందులో కనీసం ముగ్గురు ఉండాలి. ఐడియా బాగానే ఉంది. అయితే కొద్ది రోజుల్లోనే ఒక కొత్త ఉపాధి పుట్టింది. ఆ రోడ్లు మొదలయ్యే చోట మనుషులు వేళ్ళు చూపిస్తూ నిలబడేవారు. వాళ్ళని జాకీలు అనేవారు. కాస్త డబ్బులిస్తే కారెక్కి కూర్చుంటారు, రూల్ ఉన్న రోడ్డు దాటాక దిగిపోతారు. చంటిపిల్లని ఎత్తుకున్న తల్లికి గిరాకీ ఎక్కువ, ఎందుకంటే ఒకే సీట్లో ఇద్దరి లెక్క.

ఈ రూల్ పనికిరాదని అందరూ నవ్వుకున్నారు. 2016లో ప్రభుత్వం ఎత్తేసింది. అప్పుడు హార్వర్డ్, ఎంఐటీ రీసెర్చర్లు గూగుల్ మ్యాప్స్ డేటా తీసుకుని ముందూ వెనకా పోల్చి చూశారు. రూల్ ఉన్నప్పుడు ఆ రోడ్ల మీద సాయంత్రం పూట కిలోమీటరుకి సగటున 2.8 నిమిషాలు పట్టేది. ఎత్తేశాక 5.3 నిమిషాలు. పొద్దున 2.1 నుంచి 3.1కి పెరిగింది. అంతేకాదు, రూల్ లేని పక్క రోడ్ల మీద కూడా స్పీడ్ తగ్గింది. జాకీలతో మోసం జరుగుతున్నా ఆ రూల్ ఎంతోకొంత పనిచేసిందన్నమాట.

తర్వాత సరి బేసి పద్ధతి తెచ్చారు. నంబర్ ప్లేట్ చివరి అంకె సరి అయితే సరి తేదీన, బేసి అయితే బేసి తేదీన. డబ్బున్నవాళ్ళు ఏం చేస్తారో మీరు ఊహించగలరు. రెండో కారు కొంటారు, వేరే అంకెతో.

ఇలాంటి రూల్స్ జ్వరాన్ని కొంచెం తగ్గిస్తాయి. కానీ బోగోర్‌లో ఇల్లున్న మనిషికి ఆఫీసు దగ్గరికి రాదు కదా.

పైకప్పు మీద ప్రయాణం నుంచి ఏసీ బోగీ దాకా

మరి ఏదైనా బాగుపడిందా? పడింది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం ఇదే.

బోగోర్ నుంచి జకార్తా సుమారు 55 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి రోజూ భువనగిరి వెళ్ళిరావడం లాంటిది. ఈ రెండు ఊళ్ళ మధ్య డచ్ వాళ్ళ కాలం నుంచీ రైలు లైన్ ఉంది. పదిహేనేళ్ళ క్రితం దాకా ఆ లోకల్ రైళ్ళ పైకప్పు మీద వందల మంది కూర్చుని ప్రయాణం చేసేవారు. పైన కరెంటు తీగలు! కొందరు చనిపోయేవారు కూడా. రైల్వే వాళ్ళు రంగు నీళ్ళు చల్లి చూశారు. 2012లో అయితే పట్టాల మీద కాంక్రీట్ గుండ్లు వేలాడదీశారు, పైన కూర్చుంటే తగిలేలా. అయినా ఆగలేదు. లోపల చోటు లేకే కదా పైకెక్కుతున్నారు!

అసలు మార్పు 2013లో వచ్చింది. టికెట్‌కి కార్డులు, గేట్లు పెట్టారు. ఏసీ లేని పాత ఎకానమీ రైళ్ళు తీసేసి, అందరికీ ఒకే రకం ఏసీ రైళ్ళు నడిపారు. జపాన్‌లో వాడిన బోగీలు సెకండ్ హ్యాండ్‌లో కొని, రైళ్ళను 10, 12 బోగీలకు పొడిగించారు. సబ్సిడీతో ఛార్జీ తక్కువ ఉంచారు. ఇవేవీ గొప్ప టెక్నాలజీ కాదు. కానీ 2013లో ఏడాదికి 16 కోట్ల లోపు ఉన్న ప్రయాణాలు, 2019కి 33 కోట్లు దాటాయి. రెట్టింపు కంటే ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేద్దాం. 12 బోగీల రైలులో 2,000 మంది ఎక్కారనుకోండి. అదే జనం కారుకి ఒకటిన్నర మంది చొప్పున వస్తే 1,300కి పైగా కార్లు కావాలి. కారుకి 6 మీటర్లు వేసుకున్నా, ఒకదాని వెనక ఒకటి నిలబెడితే 8 కిలోమీటర్ల లైను. అదీ ఒక్క రైలుకి.

బస్సుల విషయంలోనూ జకార్తా ధైర్యం చేసింది. 2004లో ట్రాన్స్‌జకార్తా అని బస్సులకే విడిగా ఒక లైన్ ఇచ్చారు. కార్ల నుంచి లైన్ లాక్కున్నారని అప్పట్లో గొడవ కూడా అయింది. ఇప్పుడు అది ప్రపంచంలోనే అతి పొడవైన బీఆర్‌టీ నెట్‌వర్క్, దాదాపు 250 కిలోమీటర్లు. 2005 నుంచి టికెట్ 3,500 రూపియాలే. 2019లో 15.7 కిలోమీటర్ల మెట్రో కూడా వచ్చింది.

ఇంకా ముఖ్యమైంది చిన్న వ్యాన్ల సంగతి. అక్కడ వాటిని అంకోట్ అంటారు, మన షేర్ ఆటోల్లాంటివి. డ్రైవర్ రోజూ ఓనర్‌కి కిరాయి కట్టాలి. అందుకే బండి నిండేదాకా రోడ్డు మధ్యలో ఆపుతాడు, ప్యాసింజర్ కోసం ఇంకో బండితో పోటీ పడతాడు. తప్పు అతనిది కాదు, సంపాదన పద్ధతే అలాంటిది. 2018 నుంచి జాక్‌లింగ్కో పేరుతో వీటిని సిటీ సిస్టమ్‌లో కలపడం మొదలుపెట్టారు. ఎంతమంది ఎక్కారన్న దానికి కాకుండా, ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అన్నిటికి డబ్బులిస్తారు. ఇక నిండేదాకా ఆపాల్సిన పనేముంది?

అయితే ఒక పెద్ద చిక్కు మిగిలే ఉంది. ఈ మంచి బస్సులు, వ్యాన్లు చాలావరకు జకార్తా హద్దుల లోపలే. బోగోర్, డెపోక్, బెకాసి పశ్చిమ జావా ప్రావిన్స్‌లో ఉన్నాయి. టాంగెరాంగ్ బాంటెన్ ప్రావిన్స్‌లో. అంటే ఒకే మహానగరం మూడు ప్రభుత్వాల చేతుల్లో ఉంది. జకార్తా దగ్గర డబ్బుంది. పక్క ఊళ్ళకి అంత లేదు. ప్రయాణం మొదలయ్యే చోట బస్సు లేకపోతే, మనిషి ఇంటి దగ్గరే బైక్ తీస్తాడు. ఒకసారి బైక్ ఎక్కాక మధ్యలో ఎందుకు దిగుతాడు? గోజెక్ లాంటి బైక్ ట్యాక్సీ యాప్‌లు 2015 తర్వాత అంతలా పెరగడానికి కారణం కూడా ఈ ఖాళీయే.

రాజధాని మారిస్తే?

2019లో అప్పటి ప్రెసిడెంట్ జోకోవీ రాజధానిని బోర్నియో దీవికి మారుస్తామని ప్రకటించారు. కొత్త ఊరి పేరు నుసంతర. జకార్తా కుంగిపోతోందన్నది ఒక కారణమైతే, ట్రాఫిక్ ఇంకొకటి. కానీ కాసేపు ఆలోచించండి. మినిస్ట్రీలు వెళ్తాయి, ఉద్యోగులు వెళ్తారు. బ్యాంకులు, షాపులు, ఫ్యాక్టరీలు, బోగోర్‌లో ఈఎంఐ కడుతున్న ఇంటి ఓనర్లు? వాళ్ళంతా అక్కడే ఉంటారు.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా సింగపూర్‌ని చూపిస్తారు. కార్ల మీద కఠినమైన పన్నులు వేసిందని చెప్తారు. నిజమే, 1975లోనే సిటీ సెంటర్‌లోకి వచ్చే కార్లకి ఫీజు పెట్టింది. 1990 నుంచి కారు కొనాలంటే ముందు వేలంలో సర్టిఫికెట్ కొనాలి. కానీ అది సగం కథే. 1960లో మొదలైన హౌసింగ్ బోర్డు కట్టిన ఫ్లాట్లలోనే ఇప్పుడు అక్కడి ప్రతి పదిమంది నివాసుల్లో దాదాపు 8 మంది ఉంటున్నారు. ఆ టౌన్లలోనే మార్కెట్, స్కూలు, ఎంఆర్‌టీ స్టేషన్ వస్తాయి. కారు మీద పన్ను వేయడంతో ఆగకుండా, ఇంటికి, రైలుకి ముడి కూడా వేశారు. సింగపూర్ చిన్న దేశం, భూమి ఎక్కువగా ప్రభుత్వం చేతిలో ఉంది, ఉన్నదున్నట్టు ఎవరూ కాపీ కొట్టలేరు. ఆ ముడి మాత్రం గుర్తుపెట్టుకోవచ్చు.

ఇందులో మనకేంటి?

ఒక మనిషికి వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అనుకుందాం. రోజుకి 3 గంటలు. నెలకి 22 రోజులైతే 66 గంటలు. ఏడాదికి 792 గంటలు, అంటే పగలూ రాత్రీ కలిపి 33 రోజులు. ఏడాదిలో ఒక నెలకు పైగా బండి మీద, బస్సులో గడిచిపోతుంది. ఇంటి ధరలో ఈ నెల ఎక్కడా కనిపించదు. బ్రోచర్లో రాయరు, బ్యాంక్ లోన్ లెక్కలో రాదు. కానీ కడుతున్నది ఆ ఇల్లు కొన్నవాళ్ళే. జకార్తాలో దగ్గర్లో ఇల్లు కొనే స్తోమత ఉన్నవాళ్ళు కట్టరు, లేనివాళ్ళు కడతారు. ట్రాఫిక్‌లో నాకు అన్నిటికంటే అన్యాయం అనిపించే విషయం ఇదే.

మీలో చాలామంది ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరుతున్నారు. రేపో ఎల్లుండో మీ ఫోన్‌లో కూడా “సిటీకి 30 నిమిషాలు” అని ప్లాట్ యాడ్ వస్తుంది. ఆ 30 నిమిషాలు ఏ టైమ్‌లో? ఆదివారం పొద్దునా, సోమవారం పొద్దునా? బండి లేకుండా అక్కడి నుంచి ఆఫీసుకి వెళ్ళే దారి ఇవాళ ఉందా, వస్తుందని చెప్తున్నారా? గేటు దాటాక నడిచి వెళ్ళగలిగే షాపు, స్కూలు ఏదైనా ఉందా? ఈ మూడూ అడగండి. 1980ల్లో టోల్ రోడ్డు పక్కన ఇల్లు కొన్న జకార్తా కుటుంబాలకి ఇవి అడగాలని చెప్పినవాళ్ళు లేరు. మీకు మాత్రం వాళ్ళ అనుభవం కళ్ళ ముందే ఉంది.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్. ఇల్లు చూస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్ళీ కలుద్దాం.